వైజాగ్ నుంచి భీమిలి దాకా: సముద్రం పక్కన పరుగుకి ఏ దారి బాగుంటుంది?

కొత్తగా_వాల్తేరు:
అందరికీ నమస్కారం. వరంగల్ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వైజాగ్ వచ్చాం. ఇల్లు చినవాల్తేరులో దొరికింది. వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట మీద పరుగెత్తేవాణ్ణి. ఇక్కడ సముద్రమే నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉంది కాబట్టి జిమ్ముకి డబ్బు తగలేయాలని లేదు. ఐదు కిలోమీటర్లు హాయిగా పరుగెడతాను, పది అంటే కాస్త కష్టం. స్పీడ్ పట్టింపు లేదు, చూడ్డానికి బాగుండాలి. మా ఆవిడ కూడా వస్తుంది, తనది నడక. ఎక్కడ మొదలుపెట్టి ఎటు వెళ్ళమంటారు? ఆదివారాలు భీమిలి వైపు కూడా వెళ్ళాలని ఉంది.

పెదవాల్తేరు_మాస్టారు:
స్వాగతం బాబూ. మొదటి నెల వేరే ఆలోచన పెట్టుకోకండి. కోస్టల్ బ్యాటరీ నుంచి వుడా పార్కు దాకా వెళ్ళి రండి, అంతే. ఒకవైపు మూడు కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్నే కొన్ని గంటలు ఆర్కే బీచ్ రోడ్డు మీదకి బళ్ళు రానివ్వరు, కాబట్టి ఫుట్‌పాత్ మీద జనాన్ని తప్పించుకుంటూ పోవాల్సిన పని లేదు, నడిరోడ్డు మీదే పరుగెత్తొచ్చు.

దారిలో కాళీమాత గుడి, రామకృష్ణ మఠం, 1971 యుద్ధ స్మారకం వస్తాయి. ఆ తర్వాత కురుసుర జలాంతర్గామి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, మరుసటి ఏడాది దాన్ని ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. రోడ్డుకి అవతల, అలాగే మ్యూజియం చేసిన నేవీ విమానం టీయూ-142. పరుగెత్తేవాళ్ళకి ఇవి మైలురాళ్ళ లాంటివి. "సబ్‌మెరైన్ దగ్గర కలుద్దాం" అంటే ఇక్కడ ఎవరికైనా అర్థమవుతుంది.

మీ ఆవిడ నడకకి కూడా ఇదే మంచిది. ఐదింటికే జనం ఉంటారు, లైట్లుంటాయి. కూర్చోవడానికి గోడ ఉంది.

రాగిజావ:
మాస్టారు అసలు సంగతి చెప్పలేదు. వెనక్కి వచ్చాక రాగి జావ బండి దగ్గర ఆగాలి. మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు. దాని కోసమే నేను పరుగెడతాను. పరుగు తగ్గినా జావ తగ్గలేదు, బరువు అందుకే అలాగే ఉంది.

ఉప్పుగాలి:
మాస్టారు చెప్పిన రోడ్డు మంచిదే కానీ నెల తిరిగేసరికి బోరు కొడుతుంది. అప్పుడు వుడా పార్కు దాటి ఉత్తరానికి వెళ్ళండి. పెదజాలారిపేట, లాసన్స్ బే, అప్పుఘర్, తెన్నేటి పార్కు. వుడా పార్కు నుంచి తెన్నేటి పార్కు మూడు కిలోమీటర్లకి అటూ ఇటూ. అక్కడి నుంచి జోడుగుళ్ళపాలెం వైపు తిరిగే మలుపు ఉంది చూడండి, ఈ ఊళ్ళో పరుగుకి అంతకంటే అందమైన ముక్క నాకైతే కనబడలేదు. ఎడమ చేతివైపు కైలాసగిరి నిటారుగా లేస్తుంది, కుడివైపు కింద రాళ్ళు, రాళ్ళ మీద అలలు. రోడ్డు ఎక్కి దిగుతుంది కాబట్టి కాళ్ళకి కూడా పని.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఊళ్ళో ఎక్కడ పరుగెత్తాలి అనేదానికంటే ఎప్పుడు, ఎటువైపు అనేది ముఖ్యం. మన ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. ఎండాకాలం నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. ఆ రోజుల్లో భీమిలి వైపు బయలుదేరితే గాలి వీపు మీద తోస్తుంది. బాగుందే అనుకుంటాం. కానీ మన వేగం, గాలి వేగం ఒకటే అయితే ఒంటికి గాలే తగలదు. మే నెల ఉక్కలో చెమట ఆరక ఒళ్ళంతా ఉడికిపోతుంది. పైగా వేసవిలో సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి ఉదయిస్తాడు కాబట్టి ఎండ సరిగ్గా కళ్ళలోకి. ఇక తిరిగొచ్చేటప్పుడు అలిసిపోయి ఉంటాం, అప్పుడు ఎదురుగాలి.

అందుకని వేసవిలో ముందు దక్షిణానికి పోవాలి. మీరు చినవాల్తేరు నుంచి దిగుతారు కాబట్టి ముందు కోస్టల్ బ్యాటరీ వైపు, ఎదురుగాలిలో, ఒంట్లో ఓపిక ఉండగానే. తర్వాత వెనక్కి. నవంబరు, డిసెంబరు నెలల్లో గాలి మారి ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు భీమిలి వైపు మొదలుపెట్టండి.

టైము కూడా చూసుకోండి. జూన్‌లో 5:20కల్లా సూర్యోదయం, జనవరిలో ఆరున్నర. వరంగల్ లెక్కన బయలుదేరితే ఎండ మీకంటే ముందే వచ్చి కూర్చుంటుంది.

కొత్తగా_వాల్తేరు:
ఉప్పుగాలి గారూ, ఇంత వివరంగా ఎవరు చెబుతారండీ! ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద పెట్టాను. నిన్న ఉక్కకి తట్టుకోలేక సగంలో ఆగిపోయాను, అప్పుడు వీపు మీదే గాలి. ఇంకో ప్రశ్న. రోడ్డు మీద కాకుండా ఇసుకలో పరుగెత్తితే మోకాళ్ళకి మంచిదంటారు, నిజమేనా? చెప్పులు లేకుండా కొందరు పరుగెత్తడం చూశాను.

ఫిజియో_పద్మ:
నిజం సగమే. పొడి ఇసుక మెత్తగా ఉంటుంది కాబట్టి మోకాలి మీద దెబ్బ తగ్గుతుంది. కానీ మడమ లోపలికి దిగిపోయి పిక్క, మడమ వెనక నరం బాగా లాగుతాయి. అలవాటు లేనివాళ్ళు మొదటి వారమే పొడి ఇసుకలో ఐదు కిలోమీటర్లు పరుగెత్తి, పొద్దున మంచం దిగి మడమ నేల మీద ఆనించలేక నా దగ్గరికి వస్తుంటారు.

తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పరుగుకి బాగుంటుంది. అయితే ఆర్కే బీచ్‌లో ఒడ్డు వాలు ఎక్కువ. నీటి వైపున్న కాలు కిందికి, ఒడ్డు వైపు కాలు పైకి. ఒకేవైపు దూరం పోయి ఆటోలో తిరిగొస్తే తుంటి ఒక పక్క పట్టేస్తుంది. వెళ్ళిన దారినే పరుగెత్తుతూ వెనక్కి వస్తే వాలు రెండో కాలికి మారుతుంది, లెక్క సరిపోతుంది. రోడ్డు అంచున పరుగెత్తేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది, రోడ్డు కూడా పక్కలకి వాలుగానే వేస్తారు.

మొదట్లో పది నిమిషాలు చాలు, అదీ బూట్లతోనే. చెప్పులు లేకుండా వద్దు. సీసా పెంకులు, గాలాలు, వలల ముక్కలు ఇసుకలో కనబడవు.

ఉప్పుగాలి:
పద్మ గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. తడి ఇసుక కావాలంటే పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వెళ్ళాలి. ఆటుపోట్ల వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఈ ఆదివారం ఆరింటికి గట్టి ఇసుక దొరికిందంటే వచ్చే ఆదివారం అదే వేళకి అక్కడ నీళ్ళుంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్ళు బాగా లోపలికి పోతాయి, ఒడ్డు వెడల్పుగా దొరుకుతుంది. వాణ్ణి వీణ్ణి అడగక్కర్లేదు, పంచాంగం చూసుకుంటే చాలు.

లాసన్స్‌బే_లత:
మగవాళ్ళు రాసే రూట్లలో ఎప్పుడూ ఒక విషయం ఉండదు, నేను రాస్తాను.

ఆర్కే బీచ్ ముక్క చీకట్లో కూడా పర్వాలేదు. వుడా పార్కు దాటాక తెన్నేటి పార్కు దాకా తెల్లారుతున్నప్పుడు అయితే ఓకే. తెన్నేటి పార్కు మలుపు దగ్గర ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, ఇళ్ళు లేవు. ఉప్పుగాలి గారికి అది అందమైన ముక్క. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి పక్కకి తప్పుకునే చోటు లేని ముక్క. వెలుతురు వచ్చాక, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తాం. సాగర్ నగర్ దగ్గర మళ్ళీ ఇళ్ళు, జనం.

రెండోది కుక్కలు. గుంపుగా ఉన్నప్పుడు పరుగు ఆపి నడవాలి. పరుగెత్తితే వెంటపడతాయి. కిందికి వంగి రాయి తీసినట్టు నటిస్తే చాలాసార్లు వెనక్కి తగ్గుతాయి.

మూడోది టాయిలెట్లు. పొద్దున ఐదున్నరకి ఏది తెరిచి ఉంటుందో, ఏది తాళం వేసి ఉంటుందో తెలియదు. ఇంటి దగ్గరే చూసుకుని బయలుదేరడం తప్ప దారి లేదు. పది కిలోమీటర్ల ట్రైనింగ్ ప్లాన్లు రాసేవాళ్ళెవరూ ఈ మాట రాయరు.

కొత్తగా_వాల్తేరు:
లత గారూ, మా ఆవిడకి మీ పోస్ట్ చదివి వినిపించాను. "ఈవిడ నెంబరు తీసుకో" అంది.

లాసన్స్‌బే_లత:
నెంబర్లు ఇక్కడ వద్దండీ :) శనివారాలు ఆరింటికి మా ఆడవాళ్ళ గ్రూపు కాళీమాత గుడి మెట్ల దగ్గర ఉంటుంది, ఆవిడని వచ్చేయమనండి. నడిచేవాళ్ళే సగం మంది.

కాకినాడ_కాజా:
మా కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు గురించి ఎవరూ మాట్లాడరే? ఎడమ వైపు పల్లె, కుడి వైపు సముద్రం, ట్రాఫిక్ తక్కువ.

రాగిజావ:
రోడ్డు ఉన్న రోజున తప్పకుండా వస్తాం.

కాకినాడ_కాజా:
తుఫాను వచ్చిన ప్రతిసారీ సముద్రం కొరుక్కుపోతోంది, నిజమే, ఒప్పుకుంటాను. రాళ్ళు వేస్తారు, మళ్ళీ పోతాయి. మీ దగ్గర మాత్రం ఏం తక్కువ? ఆర్కే బీచ్‌లో పోర్టు వాళ్ళు తవ్విన ఇసుక తెచ్చి పోస్తే గానీ ఒడ్డు నిలవట్లేదుగా.

పెదవాల్తేరు_మాస్టారు:
అది నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక బీచ్ రోడ్డు చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. చెట్లన్నీ ఒకేవైపు పడుకున్నాయి. ఇప్పుడు పొద్దున ఏడు దాటితే నీడ దొరకదంటే ఆ చెట్లు పోవడం కూడా కారణమే.

నీడ అంటే గుర్తొచ్చింది. వేసవి సాయంత్రాలు కైలాసగిరి కింది రోడ్డుకి వెళ్ళండి. సూర్యుడు కొండ వెనక్కి దిగిపోతాడు కాబట్టి ఊళ్ళో ఎండ ఉండగానే ఆ రోడ్డు మీద నీడ పడుతుంది. సముద్రపు గాలి కూడా మధ్యాహ్నం నుంచి వీస్తూ ఉంటుంది. కొండ మీదకి మెట్ల దారి ఉంది, కాళ్ళలో సత్తువ ఉంటే ఎక్కండి. పైనుంచి చూస్తే ఒడ్డు మొత్తం, అటు డాల్ఫిన్ నోస్ కొండ దాకా కనబడుతుంది. సాయంత్రం ట్రాఫిక్ ఉంటుంది, అది మాత్రం భరించాలి.

గోస్తనీ_ఒడ్డు:
భీమిలి గురించి అడిగారు, ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. ఊళ్ళో ఉన్నవాణ్ణి, నేను చెబుతాను.

వైజాగ్ నుంచి భీమిలి దాకా పరుగెత్తుతాను అని ఎవరైనా అంటే సరదాగా వినండి, వెంటనే బయలుదేరకండి. రుషికొండ నుంచే పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. కార్లు, బైకులు ఆ రోడ్డు మీద ఎలా పోతాయో చూశారా? సెలవు రోజు తెల్లారుజామున మరీ ఘోరం, రాత్రంతా పార్టీ చేసుకుని తిరిగొచ్చే కుర్రాళ్ళు. కుడి చేతి అంచున, వచ్చే బళ్ళకి ఎదురుగా పరుగెత్తండి. లేత రంగు చొక్కా వేసుకోండి.

మంచి పద్ధతి ఒకటుంది. ఒకవైపు పరుగు, ఒకవైపు బస్సు. 900కె బస్సు బీచ్ రోడ్డు మీదే భీమిలి వస్తుంది. బస్సులో వచ్చి భీమిలిలో పరుగెత్తి, మళ్ళీ బస్సెక్కి పోండి. చెమటతో సీట్లో కూర్చుంటే కండక్టరు ఒక చూపు చూస్తాడు, పట్టించుకోకండి. చేతిలో చిన్న తువ్వాలు ఉంటే సీటు మీద వేసుకోవచ్చు.

ఊళ్ళో చుట్టు ఇలా వేయండి. గంటస్తంభం దగ్గర దిగి సముద్రం వైపు. లైట్‌హౌస్ దాటి బీచ్ వెంబడి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి. నది బొర్రా గుహల వైపు కొండల్లో పుట్టి ఇక్కడికొచ్చి ఇసుకలో మెలికలు తిరిగి ఆగుతుంది. చలికాలం పొద్దున్నే అక్కడ కొంగలు, పడవలు, చేపల వేలం. తిరిగి ఊళ్ళోకి వచ్చి డచ్చివాళ్ళ సమాధుల పక్క నుంచి పోండి. పదిహేడో శతాబ్దంలో వాళ్ళు ఇక్కడ వ్యాపారం పెట్టారు. పిరమిడ్ల మాదిరి కోసుగా కట్టిన సమాధులు చుట్టూ గోడలో ఉంటాయి. మా ఊరు 1861లోనే మునిసిపాలిటీ అయింది, ఇప్పుడు వైజాగ్ కార్పొరేషన్‌లో ఒక ముక్క. దాని మీద నాకున్న అభిప్రాయం ఇక్కడ రాయను.

ఇంకా ఓపిక ఉంటే పావురాళ్ళకొండ ఎక్కండి. నరసింహస్వామి గుడి దాకా మెట్లు. ఇంకా పైన బౌద్ధుల నాటి కట్టడాల ఆనవాళ్ళు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. గాలి ఒకటే గాలి. అటు చూస్తే సముద్రం, ఇటు చూస్తే నది, రెంటి మధ్య మా ఊరి పెంకుటిళ్ళు. పెద్ద దూరం కాదు కానీ ఎక్కడంతో కలిపి వైజాగ్ రోడ్డు మీద పది కిలోమీటర్లకి సమానం.

డల్లాస్_తెలుగు:
గోస్తనీ గారూ, కడుపు నింపేశారు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడల్లా నేను చేసే మొదటి పని భీమిలి బీచ్‌లో పరుగు. ఇక్కడ లేక్ చుట్టూ ట్రయల్స్ అద్దంలా ఉంటాయి, నీళ్ళ కొళాయిలు, దూరం గుర్తులు అన్నీ ఉంటాయి. కానీ చేపల వేలం ఉండదు కదా. అన్నట్టు జనవరిలో ఆ దారిలో తేగలు అమ్ముతారా ఇంకా?

గోస్తనీ_ఒడ్డు:
చలికాలం తేగలు, ఏప్రిల్ వచ్చిందంటే ముంజెలు. రోడ్డు పక్కనే కొట్టి ఇస్తారు. పరుగు అయ్యాక ముంజెలు తింటే ఏ ఎనర్జీ డ్రింకూ పనికి రాదు.

పరుగుపిచ్చి_21కె:
అందరూ రోడ్డే చెబుతున్నారు. అసలు థ్రిల్ కావాలంటే ఎర్రమట్టి దిబ్బలు! చేపలుప్పాడ దాటాక, నేవీ స్థావరం ఐఎన్ఎస్ కళింగ దగ్గర. లోపలికి పోతే ఎర్రటి గోడల మధ్య ఇసుక దారులు, ఎక్కుడూ దిగుడూ. ట్రయల్ రన్నింగ్‌కి ఆంధ్రలో ఇంత బాగా ఉండే చోటు లేదు. దిబ్బల అంచుల మీదకి ఎక్కి పరుగెత్తి కిందికి జారితే మామూలుగా ఉండదు. నెక్స్ట్ సండే ఒక ఇరవై మందితో ప్లాన్ చేద్దామా?

పెదవాల్తేరు_మాస్టారు:
వద్దు బాబూ. దయచేసి వద్దు.

పరుగుపిచ్చి_21కె:
ఎందుకు మాస్టారూ? మనం పరుగెత్తేవాళ్ళం, జేసీబీలు పట్టుకెళ్ళట్లేదు కదా. అక్కడ వెడ్డింగ్ షూట్లు చేస్తారు, సినిమా వాళ్ళు వస్తారు. మన బూట్లకే వచ్చిందా బాధ?

పెదవాల్తేరు_మాస్టారు:
నేను జాగ్రఫీ చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త విసిగిస్తాను, ఓర్చుకోండి.

అవి రాతి కొండలు కావు. సముద్రం వెనక్కి పోయిన రోజుల్లో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, వేల ఏళ్ళపాటు పేరుకుని, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. రేణువుని రేణువుకి పట్టి ఉంచేది చాలా పల్చటి బంధం. ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? వేలితో గీస్తే పొడి రాలుతుంది. పైన గడ్డి వేళ్ళు, జీడిమామిడి వేళ్ళు పట్టి ఉన్నంతవరకూ గోడ నిలబడుతుంది. మనిషి అంచు మీద కాలు వేశాడంటే ఆ పెళ్ళ విరుగుతుంది, తర్వాత వాన పడినప్పుడు నీళ్ళు ఆ గాడిలోనే దిగి ఇంకా కోస్తాయి. ఒకడు జారిన చోట పదిమంది జారితే అది కాలవ అవుతుంది.

జియలాజికల్ సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా, తిరుమల కొండలతో పాటు, ఎక్కింది. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు ఈ చుట్టుపక్కల తమిళనాడులో, శ్రీలంకలో తప్ప లేవు. వెడ్డింగ్ షూట్ల వాళ్ళు చేసేది తప్పే. వాళ్ళు చేస్తున్నారని మనమూ వెళ్ళడం ఏం లాజిక్కు?

ఉప్పుగాలి:
నాకు మాస్టారి మాట సగమే నచ్చింది. పూర్తిగా వెళ్ళొద్దంటే దాన్ని ఎవరూ చూడరు. ఎవరూ చూడని చోటునే చప్పుడు కాకుండా తవ్వి పట్టుకుపోతారు. జనం కళ్ళు ఉండడం కూడా ఒక కాపలానే. కింద వాగు పారే అడుగు ఉంది కదా, చదునుగా, ఎలాగూ ప్రతి వానకీ మారిపోయేది. అక్కడ నలుగురైదుగురు నడుస్తూనో, మెల్లగా పరుగెత్తుతూనో వెళ్ళొస్తే ఏమీ కాదు. గోడలు ఎక్కకూడదు, అంతే. ఇరవై మంది గుంపు అయితే నేనూ వద్దంటాను.

గోస్తనీ_ఒడ్డు:
ఇంకో సంగతి. లోపల దారులు అన్నీ ఒకేలా ఉంటాయి, చీలికలో చీలిక. బయటివాళ్ళు దారి తప్పి సముద్రం చప్పుడు ఎటు వినిపిస్తే అటు పోతారు. మబ్బు పట్టిన రోజు వెళ్ళనే వద్దు, వాన పడితే పైనుంచి ఎర్ర నీళ్ళు ఒక్కసారిగా దిగుతాయి.

పరుగుపిచ్చి_21కె:
సరే, గ్రూప్ రన్ మానేద్దాం. కానీ మాస్టారూ, ఎక్కు దిగుడు కావాలంటే మరి ఎక్కడికి పోవాలి?

పెదవాల్తేరు_మాస్టారు:
తొట్లకొండ. మంగమారిపేట దగ్గర బీచ్ రోడ్డు వదిలి ఎడమకి తిరిగితే కొండ మీదకి తారు రోడ్డు. సముద్ర మట్టానికి 128 మీటర్లు. రోడ్డు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది, ప్రతి మలుపులోనూ సముద్రం ఇంకాస్త వెడల్పుగా కనబడుతుంది. పైన రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం. నేవీ వాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. గేటు తెరిచే వేళ కనుక్కుని వెళ్ళండి. లోపల స్తూపం దగ్గర పరుగెత్తకండి, నడవండి. కిందికి దిగేటప్పుడు అడుగులు చిన్నవి వేయండి, పద్మ గారికి పని పెట్టొద్దు.

ఫిజియో_పద్మ:
ఇంకో నెల ఆగి ఎక్కమనండి, నా ఫీజు మిగులుతుంది.

జాలారి_కుర్రోడు:
అందరూ మంగమారిపేట, జాలారిపేట అని రాస్తన్నారు, ఆ ఊళ్ళోళ్ళం మేం కూడా ఇక్కడున్నాం. రెండు మాటలు చెప్తాను, కోప్పడకండి.

ఒకటి, అలివి వల. పొద్దున్నే ఒడ్డు మీద వల లాగతాం. ఒక తాడుకి పదిహేను, ఇరవై మంది. వెనక్కి అడుగులేసుకుంటా లాగతాం, చివరోడు తాడు వదిలేసి ముందుకెళ్ళి నీళ్ళకాడ మళ్ళీ పట్టుకుంటాడు. తాడు బిగుసుకుని సన్నగా వణుకుతా ఉంటాది, నీళ్ళు చిందుతా ఉంటాయి. మీరు చెవుల్లో పాటలు పెట్టుకుని వచ్చి ఆ తాడు మీంచి గెంతుతారు. అది తెగిందంటే కాలు విరుగుద్ది. మా నాన్న చేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. లాగేవాళ్ళ వెనక నుంచి తిరిగి పొండి, పాతిక అడుగులు ఎక్కువ అంతే. మీ వాచీలో దూరం కూడా పెరుగుద్ది.

రెండోది, ఒడ్డు వాసనొస్తందని, ఎండుచేపలు ఆరబెట్టారని మొహం చిట్లించి ఫొటోలు తీసి పెడతారు. అది మాకు వంటిల్లు, ఆఫీసు, పెరడు అన్నీను. ఇంకో రకం కంపు గురించి కూడా రాస్తారు, దానికి మాకూ సిగ్గే. ఊళ్ళో సరిపడా లెట్రిన్లు ఉంటే ఎవరు మాత్రం చీకట్లో ఒడ్డుకి పోతారు?

కొత్తగా_వాల్తేరు:
తమ్ముడూ, ఇది ఎవరూ చెప్పని సంగతి. మొన్న ఆదివారం నేను గెంతలేదు కానీ ఆగి ఫోన్లో వీడియో తీశాను. వల లాగేటప్పుడు చూడ్డానికి నిలబడితే ఇబ్బందా?

జాలారి_కుర్రోడు:
నిలబడితే తాడు చేతికిస్తారు అన్నా. లాగు. జిమ్ముకి పోవక్కర్లేదు. చేపలు పడితే నీకూ నాలుగు ఇస్తారు.

రాగిజావ:
వచ్చే ఆదివారం నుంచి నా రూటు మారింది.

లాసన్స్‌బే_లత:
జాలారి తమ్ముడు ఉన్నాడు కాబట్టి ఇంకొకటి కూడా. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. ఆలివ్ రిడ్లీలు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రాత్రిళ్ళు ఒడ్డెక్కుతాయి. అటవీ శాఖ వాళ్ళు గుడ్లు తీసి కంచె వేసిన హేచరీల్లో పెడతారు. చీకట్లో ఇసుక మీద పరుగెత్తేవాళ్ళు తలకి కట్టుకునే టార్చి లైట్లు ఆ నెలల్లో వాడొద్దు. తాబేలు వెలుగు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. పిల్లలైతే వెలుగు ఎటుంటే అటు, రోడ్డు వైపు పాకుతాయి. ఇసుకలో ట్రాక్టరు చక్రం పోయినట్టు గుర్తు కనబడితే దాని మీద తొక్కకుండా దూరంగా పోండి. ఆ మూడు నెలలు చీకట్లో రోడ్డు మీదే పరుగెత్తితే పోయేదేం లేదు.

జాలారి_కుర్రోడు:
కరెక్ట్ అక్కా. మా వాళ్ళే చాలా చోట్ల గుడ్లకి కాపలా ఉంటారు. కుక్కలు తవ్వేస్తాయి.

డల్లాస్_తెలుగు:
రుషికొండ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. కొండ మీద ఆ కట్టిన...

నిర్వాహకుడు:
డల్లాస్ గారూ, మిగతా వాక్యం నేను తీసేశాను. కొండ మీది భవనాల గురించి వేరే చర్చ ఉంది, అక్కడ నాలుగు వందల పోస్టులు ఇప్పటికే కొట్టుకుంటున్నాయి. ఇక్కడ పరుగు మాత్రమే.

ఉప్పుగాలి:
కొండ సంగతి అటుంచితే, రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, శుభ్రంగా ఉంటుంది కానీ పరుగుకి ఆ ముక్క చిన్నది. సాగర్ నగర్ నుంచి రుషికొండ దాకా, మళ్ళీ వెనక్కి అయితే పది కిలోమీటర్ల లోపు మంచి పరుగు. బండి సాగర్ నగర్‌లో పెట్టుకోండి. పరుగు అయ్యాక స్నానానికి దిగుతారేమో, కొత్తవాళ్ళు ఆర్కే బీచ్‌లో మాత్రం మోకాలి లోతు దాటొద్దు. అక్కడ నేల ఒక్కసారిగా దిగిపోతుంది, వెనక్కి లాగే నీళ్ళు బలంగా ఉంటాయి. అక్కడ పోయినవాళ్ళలో ఎక్కువమంది పై ఊళ్ళ నుంచి సరదాగా వచ్చినవాళ్ళే.

కొత్తగా_వాల్తేరు:
ఇంతవరకు అర్థమైంది ఇది. మామూలు రోజుల్లో కోస్టల్ బ్యాటరీ వైపు ముందు, తర్వాత వుడా పార్కు. శనివారం మా ఆవిడ లత గారి గ్రూపుతో. ఆదివారం 900కె ఎక్కి భీమిలి, గోస్తనీ గారు చెప్పిన చుట్టు. నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్లకి పేరు ఇద్దామని కూడా అనుకుంటున్నా, అది మీరు చెప్పిన ఈ బీచ్ రోడ్డు మీదే కదా?

పరుగుపిచ్చి_21కె:
అవును బాసూ, బీచ్ రోడ్డే. పది కేకి ఇవ్వండి, ఇరవై ఒకటి వచ్చే ఏడాది చూద్దాం. ఒక్క సలహా. నీళ్ళు మీరే పట్టుకెళ్ళండి. నేను పరుగెత్తిన ఒక రేసులో, పేరు వద్దు, పదిహేనో కిలోమీటరు దగ్గర గ్లాసులు మాత్రమే ఉన్నాయి, నీళ్ళు లేవు. ఒక కొబ్బరి బోండాల తాత దయ వల్ల బతికాను.

ఫిజియో_పద్మ:
ఈ ఊరి ఉక్కకి ఉత్త నీళ్ళు చాలవు. గంట దాటి పరుగెత్తేవాళ్ళు చిటికెడు ఉప్పు, కాస్త పంచదార, నిమ్మకాయ కలిపి పట్టుకెళ్ళండి. బీపీ మందులు వాడేవాళ్ళు మాత్రం ఉప్పు విషయం డాక్టరుని అడిగాకే.

కొత్తగా_వాల్తేరు:
చివరి ప్రశ్న, అందరికీ. నెల కాలేదు, బూట్ల మీద తాడు కట్టే ఇనుప రింగులు అప్పుడే తుప్పు పట్టాయి. వాచీ ఛార్జింగ్ పిన్నులు కూడా పచ్చబడ్డాయి. ఇది మామూలేనా?

ఉప్పుగాలి:
మామూలే. ఇంటికి రాగానే వాచీని కొళాయి నీళ్ళ కింద పెట్టి, తుడిచి, ఆరాకే ఛార్జింగు. బూట్లు ఎండలో పెట్టొద్దు, జిగురు ఊడిపోతుంది. లోపల పాత పేపర్ కుక్కి ఫ్యాను కింద పెట్టండి.

రాగిజావ:
ఈసారి ఇనుప రింగులు లేనివి కొనుక్కోండి, గుడ్డ లూపులవి. బైకు సైలెన్సర్ కూడా ఒకసారి చూసుకోండి మరి, అది వచ్చే ఏడాది సంగతి.